క్యాష్ కౌంటర్ కంటే ముందు వైద్యమిత్ర దగ్గరికి: శ్రీకాకుళంలో ఆరోగ్యశ్రీ వాడుకునే తీరు

చాలామంది ఆరోగ్యశ్రీ కార్డు బయటికి తీసేది బిల్లు చేతికొచ్చాక. అప్పటికి పని చెడిపోయినట్టే. సర్కారు ఉచితంగా వైద్యం చేయించే ఈ పథకంలో ముందు అనుమతి, తర్వాతే ఆపరేషన్. ఆసుపత్రి ఆన్‌లైన్‌లో కేసు పెట్టి, పథకాన్ని నడిపే ట్రస్టు డాక్టర్లు చూసి సరే అన్నాకే ఖర్చు పథకం ఖాతాలోకి వెళ్తుంది. జేబులోంచి కట్టేసిన డబ్బుని తర్వాత రాబట్టుకోవడం మహా కష్టం.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనది ఒకటి. మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారి ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది గానీ, జనం నోట ఆరోగ్యశ్రీయే. పేరుతోపాటు పరిధీ మారింది. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలూ లోపలికొచ్చాయి. 2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితిని కుటుంబానికి ఏడాదికి 25 లక్షలు చేశారు. జాబితాలో 3,257 చికిత్సలున్నాయి. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఇంకో నిర్ణయం తీసుకుంది: 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు భరించాలని. పైన డబ్బు ఎవరు కట్టినా, కింద రోగి పడే ఇబ్బందులు మాత్రం ఎప్పుడూ కాగితాల దగ్గరే.

అందుకే జబ్బు రాకముందే కార్డు చూసుకోండి. బియ్యం కార్డు ఉంటే అర్హత ఉన్నట్టే. అది లేకపోయినా ఆదాయం 5 లక్షల లోపు ఉంటే మీ గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి. మాగాణి 12 ఎకరాల లోపు, మెట్ట 35 ఎకరాల లోపు ఉండొచ్చు, సొంత కారు ఒకటి ఉన్నా పర్వాలేదు. అసలు చిక్కు పేర్లతో. ఆధార్‌లో అప్పలనర్సమ్మ, కార్డులో అప్పలనరసమ్మ అని ఉంటే మనకి ఒకే మనిషి, కంప్యూటర్‌కి ఇద్దరు. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం, పుట్టిన బిడ్డని చేర్పించకపోవడం కూడా మామూలే. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దగ్గర కూర్చుని ఇంట్లో ఒక్కొక్కరి పేరు, పుట్టిన తేదీ, ఈకేవైసీ (వేలిముద్ర లాంటివాటితో ఆధార్ సరిచూడటం) తెర మీద చదివించుకోండి. అర్ధరాత్రి 108లో ఎక్కాక ఈ పని కాదు.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకి ఇంకో బాధ ఉంది. పిక్క తొక్కలో నూనె వేళ్ల చర్మాన్ని కాల్చేస్తుంది, గీతలు అరిగిపోతాయి, వేలిముద్ర పడదు. పది వేళ్లూ నొక్కించి నొక్కించి విసిగేకంటే ఐరిస్ గానీ ముఖం గానీ తీసుకోమని అడగండి. ఆధార్‌కి ఫోన్ నంబరు కట్టి ఉంటే ఓటీపీతోనూ అవుతుంది.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు బయట బోర్డు చూసి మోసపోవద్దు. ఒక ఆసుపత్రికి ఎముకల విభాగంలో పథకం ఉండి, గుండెకి లేకపోవచ్చు. కొన్ని చికిత్సలు సర్కారు ఆసుపత్రులకే కేటాయించారు కూడా. 104కి ఫోన్ చేసి జబ్బు పేరు చెప్పి, ‘ఫలానా ఆసుపత్రిలో ఈ చికిత్స పథకంలో చేస్తున్నారా, ఈ వారం కేసులు తీసుకుంటున్నారా’ అని అడగండి. రెండో ప్రశ్న ఊరికే చెప్పడం లేదు: బకాయిలు రాలేదని 2025 అక్టోబరులో పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు (నెట్‌వర్క్ ఆసుపత్రులు) సేవలు ఆపేశాయి. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకి బరంపురం దగ్గర కాబట్టి అటు పరుగెడతారు. అది ఒడిశా, అక్కడి ఆసుపత్రి మన పథకంలో ఉందని తేలాకే బండెక్కండి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుకి వలస వెళ్లినవాళ్లకి ఆ ఊళ్లలోనూ కొన్ని పెద్ద చికిత్సలకి నెట్‌వర్క్ ఆసుపత్రులున్నాయి. వాళ్ల ఫోన్‌లో కార్డు ఫొటో ఉండాలి.

ఆసుపత్రికి చేరగానే ఓపీ చీటీ కంటే ముందు వైద్యమిత్ర బల్ల వెతకండి. పథకం తరఫున అక్కడ రోగులకి సాయం చేసే మనిషే వైద్యమిత్ర. బల్ల ఉండి మనిషి లేకపోతే అక్కడే నిలబడి 104కి చేయండి. ఆధార్, కార్డు, పాత రిపోర్టులు ఇచ్చి నమోదు చేయించుకుని, నమోదు నంబరు చీటీ మీద రాయించుకోండి. రిమ్స్‌లాంటి సర్కారు ఆసుపత్రికి వెళ్లినా ఇది మానొద్దు. అక్కడ ఎలాగూ ఉచితమే కదా అని చాలామంది వదిలేస్తారు. నమోదైతే ఆ కేసు డబ్బు ఆసుపత్రికి వస్తుంది. రాడ్డు, ప్లేటు బయట కొనుక్కు రమ్మంటే ‘మా కేసు పథకంలో ఉంది కదండీ’ అని అడిగే హక్కు మీకుంటుంది.

అనుమతి ఆగితే ‘పెండింగ్‌లో ఉంది’ అనే జవాబుతో తిరిగి రావొద్దు. ఏ ప్రశ్న వేశారో చూపించమనండి. స్కాన్ ఫొటో మసగ్గా ఉందనో, రిపోర్టు పాతదనో, ఎడమ కాలికి కుడి అని రాశారనో ఉంటుంది. మళ్లీ ఎక్కిస్తే కదిలిపోయేవే ఎక్కువ. ప్రాణం మీదికొస్తే ఈ వరసంతా ఆగక్కర్లేదు. డాక్టరు ఫోన్‌లోనే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టొచ్చు, కాగితాలు తర్వాత ఇస్తారు. ఇంటివాళ్లు మాత్రం ఆ రోజే మిత్రని కలవాలి.

మన జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం రోగులకి వేరే మాట. డయాలసిస్ పథకంలో ఉంది. వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి కాబట్టి దగ్గరి కేంద్రమే మేలు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. నెలకి 10,000 డయాలసిస్ పింఛను వేరే పథకం. దాని దరఖాస్తు సచివాలయంలో. వైద్యసేవలో నమోదయ్యాం కదా, పింఛను అదే వస్తుందని కూర్చుంటే రాదు. డయాలసిస్ కేంద్రం ఇచ్చే కాగితాలు రెండు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

డిశ్చార్జి రోజు సంతకం పెట్టించుకునే ఫారంలో చికిత్స పేరు, మొత్తం చదవండి, చదువు రాకపోతే చదివించుకోండి. ఖాళీ ఫారం మీద వేలిముద్ర వేయొద్దు. ఇంటికి ఇచ్చే మందులు, మళ్లీ రావాల్సిన తేదీ కాగితం మీద ఉండాలి.

ఎవరైనా డబ్బు అడిగితే రసీదు ఇమ్మనండి. ఆ మాటతోనే సగంమంది వెనక్కి తగ్గుతారు. కట్టాల్సొస్తే రసీదు, నమోదు నంబరు, డిశ్చార్జి కాగితం పట్టుకుని ముందు 104లో, తర్వాత జిల్లా కోఆర్డినేటర్ దగ్గర ఫిర్యాదు చేయండి. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లండి. అర్జీ ఒక పేజీ దాటకుండా, తేదీలు వరసగా రాయండి. అసలు రసీదు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సే జతచేయండి.