చదవడానికి కూర్చునే ముందు: ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని స్థితి) ఉన్నవారికి జాగ్రత్తలు

- ఫోన్ పక్క గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి బల్లమీద బోర్లిస్తే చాలదు, కనిపిస్తున్నంతసేపూ చెయ్యి అటే పోతుంది.

- చప్పుడు సంగతి కాస్త ఓపిగ్గా చూసుకోవాలి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఫ్యాన్, ఏసీల్లాంటి ఒకే తీరు రొదను బాగా తగ్గిస్తాయి. కుక్కర్ విజిల్, హాల్లో సీరియల్ మాటలు మాత్రం ఎంతోకొంత వినిపిస్తూనే ఉంటాయి. వాటికి చౌకగా దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్సే నయం. కొందరికి పూర్తి నిశ్శబ్దం పడదు. అలాంటివాళ్లు వాన చప్పుడో, వైట్ నాయిసో (ఒకే తీరుగా సాగే ‘ష్’మనే రొద) సన్నగా పెట్టుకోవచ్చు (ఫోన్ పక్క గదిలోనే ఉంచి, బ్లూటూత్‌తో!). పాటలు వద్దు. పాటలోని మాటలు పుస్తకంలోని మాటలకు అడ్డుపడతాయి. ఏది పెట్టుకున్నా చెవులు జాగ్రత్త: 80 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

- మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్ మార్చేయండి. కిటికీకి ఎదురుగా కూర్చోవద్దు.

- మెడ దగ్గర గీరుకునే చొక్కా లేబుల్‌ని ముందే కత్తిరించండి.

- కాళ్లు ఊపితే అరిష్టమని ఇంట్లో పెద్దలు కసురుతారు. ఊపనివ్వండి, కొందరికి ధ్యాస నిలిచేది అలాగే.

- మందులు వాడుతుంటే ఇవి వాటికి బదులు కావు. డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు.