బైకు వెనక డిస్క్ బ్రేక్ ప్యాడ్లు ఊరికే అరిగిపోతున్నాయా? కొత్తవి వేసే ముందు పాతవి చేతిలోకి తీసుకుని చూడండి

తిరుపతిలో వెనక డిస్క్ ఉన్న బండి వాడేవాళ్ళ దగ్గర ఈ మాట తరచూ వింటా ఉంటా, ప్యాడ్లు వేయించి ఆరు నెలలు కూడా కాలేదన్నా అప్పుడే ఇనుము గీసుకున్నట్టు సౌండ్ వస్తా ఉంది అని. షాపుకి పోతే కొత్త సెట్ వేసి పంపిస్తారు, పాతవి చెత్తలోకి పోతాయి, మళ్ళీ ఆరు నెలలకి అదే పని. నాకూ అట్లే అయింది. నా 160 సీసీ బండికి కంపెనీ నుంచి వచ్చిన ప్యాడ్లు 16 వేల కిలోమీటర్లు వచ్చినాయి, రెండో సెట్ 5 వేలకే అరిగి వెనకున్న ఇనుప ప్లేటు తేలింది, మూడోది 4 వేలు కూడా రాలా. మూడోసారి మాత్రం పాత ప్యాడ్లు అడిగి ఇంటికి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూసినా, అప్పుడు తెలిసింది అసలు రోగం ఏందో. లోపలి ప్యాడు, అంటే దాన్ని డిస్క్ మీదికి తోసే పిస్టన్ ఉన్న వైపుది, రేకంత పలచగా అయిపోయి ఉంటే బయటిదానికి ఇంకా 3 మిల్లీమీటర్ల మందం మిగిలి ఉంది.

అందుకే ప్యాడ్లు విప్పేటప్పుడు ఏది పిస్టన్ వైపుదో ఏది బయటిదో మార్కర్‌తో రాసి పెట్టుకోండి, తర్వాత కలిసిపోతే ఏమీ చెప్పలేం. మామూలుగా మన బండ్లలో వెనక ఉండేది ఒకే పిస్టన్ ఉన్న క్యాలిపర్, అంటే ప్యాడ్లని పట్టుకుని డిస్క్ మీద నొక్కే భాగం, ఆ పిస్టన్ లోపలి ప్యాడుని డిస్క్ మీదికి తోస్తుంది, అదే దెబ్బకి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద పక్కకి జారి బయటి ప్యాడుని కూడా లాక్కొచ్చి ఆనిస్తుంది. ఆ పిన్నులు పట్టేసినాయంటే క్యాలిపర్ జరగదు, భారమంతా లోపలి ప్యాడు మీదే పడుతుంది. పిన్నులు బాగానే జారుతా ఉన్నాయి అయినా లోపలిదే ఎక్కువ అరిగింది అంటే పిస్టన్ వెనక్కి రావడం లేదని అర్థం. ఒకే ప్యాడు ఒక చివర మందంగా ఇంకో చివర పలచగా ఏటవాలుగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసిందో వంగిందో, లేకపోతే ప్యాడు కూర్చునే క్లిప్పు ఊడిపోయిందో చూడాలి. ఇక రెండూ సమానంగా, కానీ తొందరగా అరిగినాయి అంటే క్యాలిపర్‌ని అనుమానించే ముందు పెడల్ని, మన కాలిని చూసుకోవాల.

విప్పక ముందే బండి మీదే కొంత తెలుస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, లేకపోతే వెనక చక్రం లేచేట్టు ప్యాడాక్ స్టాండ్ పెట్టి, న్యూట్రల్‌లో చక్రం చేత్తో తిప్పండి. సన్నగా సర్రుమని రాపిడి వినిపిస్తే పర్లేదు, డిస్క్ బ్రేక్ అంటే అంత ఉంటుంది. బ్రేక్ గట్టిగా తొక్కి వదిలి వెంటనే తిప్పితే మాత్రం చక్రం బరువుగా ఉండకూడదు. ఇంకో పద్ధతి, ఖాళీ రోడ్డులో ఒక ఐదు కిలోమీటర్లు వెనక బ్రేక్ ముట్టుకోకుండా ముందు బ్రేకుతోనే మెల్లగా పోయి ఆపి, వెనక డిస్క్ మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లండి. సుయ్‌మని ఆవిరైపోతే ప్యాడ్లు వదలకుండా పట్టుకునే ఉన్నాయి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది.

చక్రం బరువుగా ఉందని తేలితే ఇప్పుడు చేసే పరీక్ష చాలా ముఖ్యం, కానీ షాపుల్లో దీన్ని చేసేవాళ్ళని నేను పెద్దగా చూడలా. చక్రం పట్టేసి ఉన్నప్పుడే క్యాలిపర్ మీద ఎయిర్ తీసే నిపుల్‌కి సన్న ట్యూబు తగిలించి, చాలా బండ్లకి 8 నంబర్ పానా సరిపోతుంది, అర చుట్టు వదులు చేయండి. బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిపోయిందంటే ప్రెషర్ లోపల చిక్కుకుని ఉంది, తప్పు క్యాలిపర్‌ది కాదు, పైన మాస్టర్ సిలిండర్‌దో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని క్యాలిపర్‌కి తోసేది) పైపుదో. నిపుల్ వదిలినా చక్రం ఫ్రీ కాలేదంటే క్యాలిపర్లోనే, అంటే పిన్నులో పిస్టనో. ఈ ఒక్క పనితో సగం తలనొప్పి తగ్గిపోతుంది.

ప్రెషర్ చిక్కుకుంటా ఉంటే ముందు చూడాల్సింది పెడల్ ఫ్రీ ప్లే. మాస్టర్ సిలిండర్లో ఆయిల్ ట్యాంకులోకి తిరిగి పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, పెడల్ పూర్తిగా వదిలినప్పుడే అది తెరుచుకుంటుంది. ఎవరన్నా పెడల్ ఎత్తు పెంచుదామని పుష్ రాడ్, అంటే పెడల్‌ని మాస్టర్ సిలిండర్‌కి కలిపే కడ్డీ, తిప్పి పొడుగు చేస్తే ఆ సిలిండర్ లోపలి పిస్టన్ ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంటుంది, ఆ రంధ్రం మూసుకుపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, పది కిలోమీటర్లు పోయేసరికి ఆయిల్ వేడెక్కి పెరుగుతుంది, పోయేదానికి దారి లేక ప్యాడ్లని డిస్క్ మీదికి తోస్తుంది, దాంతో ఇంకా వేడి, ఇంకా పట్టుకోవడం. పెడల్ని వేలితో మెల్లగా నొక్కితే మొదట్లో కాస్త ఖాళీ కదలిక ఉండి తీరాలి. అది సరిగ్గా ఉన్నా ప్రెషర్ నిలుస్తా ఉంటే ఆ రంధ్రంలో మడ్డి పట్టి ఉండొచ్చు, లేదా పాత రబ్బరు పైపు లోపల ఉబ్బి ఆయిల్‌ని పోనిచ్చి రానివ్వకుండా ఉండొచ్చు.

ఆయిల్ ట్యాంకు కూడా చూడండి. ప్యాడ్లు అరిగే కొద్దీ ఆయిల్ మట్టం దిగుతుంది, అది మామూలే, లీకేజీ ఉన్నట్టు కాదు. తెలియక అప్పుడు నిండుగా పోసేసి, తర్వాత కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్ వెనక్కి తోస్తే ఆయిల్ పొంగి పెయింట్ మీద పడి పాడు చేస్తుంది. మ్యాక్స్ గీత దాటి ఉంచకూడదు.

నా బండికి మాత్రం పిన్నులే. క్యాలిపర్ లాగితే పై పిన్ను సులువుగా వచ్చేసింది, కింద పిన్ను రాలా. పానాతో అటూ ఇటూ తిప్పుతా లాగితే వచ్చింది, రబ్బరు బూటు ఒక పక్క చిరిగి ఉంది, లోపల ఎర్రదుమ్ము నీళ్ళు గ్రీసు కలిసి ముదురుపాకం లాగా గట్టిపడి ఉంది. వారం వారం ప్రెషర్‌తో వాటర్ సర్వీసింగ్ చేయించేవాణ్ణి, ఆ నీళ్ళు ఆ చిరుగులోంచే పోయుంటాయి. బూట్లు కొత్తవి వేసి, పిన్నుల్ని సన్న ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, సిలికాన్ గ్రీసు పలచగా పూసినా. మామూలు చాసిస్ గ్రీసు పెట్టొద్దు, రబ్బరు ఉబ్బి మళ్ళీ పట్టేస్తుంది. పిస్టన్ చుట్టూ మడ్డి ఉంటే కూడా పెట్రోలు కిరోసిన్ వాడొద్దు, కొత్త బ్రేక్ ఆయిల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి తర్వాత వెనక్కి తోయండి. పిస్టన్ మీద తుప్పు గుంటలు కనిపిస్తే శుభ్రం చేసి లాభం లేదు, పిస్టన్, సీలు మార్చాల్సిందే.

ఇంక కాలి సంగతి. ముందు బ్రేక్ అంటే భయపడి అంతా వెనక బ్రేకే తొక్కేవాళ్ళు మన దగ్గర చాలామంది. కొంతమందికి పాదం ఎప్పుడూ పెడల్ మీదే ఆనించి పెట్టే అలవాటు, వాళ్ళకే తెలియదు. వెనక ఇంకో బండిలో ఫ్రెండ్‌ని రమ్మనండి, మీరు బ్రేక్ వేయనప్పుడు కూడా బ్రేక్ లైట్ వెలుగుతా ఉందేమో చెప్పమనండి, తేలిపోతుంది. కొండ దిగేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు, ఇద్దరు మనుషులు ఒక లగేజీ బ్యాగుతో పైనుంచి అలిపిరి దాకా వెనక బ్రేక్ తొక్కిపట్టుకునే వస్తే ఏ ప్యాడైనా కరిగిపోతుంది. భాకరాపేట ఘాట్ అయినా మొగిలి ఘాట్ అయినా అంతే. గేరు తగ్గించి రెండులోనో మూడులోనో ఇంజిన్‌తో వేగం పట్టుకుని, మలుపు ముందు రెండు బ్రేకులూ కలిపి వేసి వదిలేయాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, గాలిలో తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీల దగ్గరికి పడిపోవచ్చు, అప్పుడు పెడల్ మెత్తగా అయిపోయి కిందికి దిగిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమంటారు.

ప్యాడ్లు కొనేటప్పుడు మరీ చీప్‌గా వచ్చేవి వద్దు. డిస్క్‌ని కూడా గోటితో గీసి చూడండి, లోతుగా గాడులు పడి ఉన్నా, డిస్క్ మీదే రాసి ఉండే కనీస మందం కన్నా తగ్గిపోయినా కొత్త ప్యాడ్లు దాని మీద నిలవవు.

బిగించినాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయండి, ఇది మర్చిపోతే మొదటి మలుపులో బ్రేక్ ఉండదు. మొదట్లో ఖాళీ రోడ్డులో 50 వేగం నుంచి మెల్లగా పది పదిహేను సార్లు తగ్గించి ప్యాడ్లని డిస్క్‌కి అలవాటు చేయండి. తర్వాత వెయ్యి కిలోమీటర్లకోసారి టార్చ్ వేసి వెనకనుంచి రెండు ప్యాడ్లూ చూడండి, ఒక్క మిల్లీమీటరు మిగిలినప్పుడు మార్చేయాల. నా నాలుగో సెట్ ఇప్పుడు 9 వేలు దాటింది, మొన్న చూస్తే లోపలిది బయటిది రెండూ రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర సమానంగా ఉన్నాయి.