ఒక్క రోజులో సాత్‌తాల్, భీమ్‌తాల్, నౌకుచియాతాల్ హాయిగా చూసి రావడం ఎలా?

నైనితాల్ అనగానే మనవాళ్లంతా మాల్ రోడ్డు, నైని సరస్సులో పడవ, రోప్‌వే, అంతటితో సరిపెట్టుకుని వచ్చేస్తారు. అసలు అందం ఆ ఊరికి కాస్త దిగువన, ఇరవై కిలోమీటర్ల అటూ ఇటూగా అడవుల్లో ఉంది. ఉత్తరాఖండ్‌లోని ఈ కుమావూ కొండల్లో తాల్ అంటే సరస్సు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు టాక్సీలో లేక్ టూర్ ప్యాకేజీ మాట్లాడుకున్నాం, ఎక్కడా పావుగంట మించి ఆగనివ్వలేదు, దిగడం ఫొటో తీసుకోవడం మళ్లీ ఎక్కడం, సాయంత్రానికి ఏ ఫొటో ఏ సరస్సుదో కూడా గుర్తులేదు. రెండోసారి మూడే సరస్సులు పెట్టుకుని, నైనితాల్ ఊళ్లోకి అస్సలు వెళ్లకుండా తిరిగాం. అలా ఎలా చేయాలో చెప్తాను.

ముందు రోజు ఎంచుకోండి

శని, ఆదివారాలు వద్దు. ఢిల్లీ నుంచి కార్లు బారులు తీరతాయి, దారిలో భవాలీ అనే ఊరి దగ్గర ఇరుక్కుంటే గంటలు పోతాయి. మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా బాగుంటుంది. నెలలంటారా, మార్చి, ఏప్రిల్, అక్టోబర్, నవంబర్ నా లెక్కలో బెస్ట్. మే, జూన్‌లో చల్లగానే ఉంటుంది కానీ జనం ఎక్కువ, అందులోనూ జూన్ 15కి దగ్గర్లోని కైంచీధామ్ అనే ఆశ్రమంలో పెద్ద మేళా ఉంటుంది, ఆ రెండు మూడు రోజులూ ఆ రోడ్ల జోలికి పోకండి. జులై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వానలు, కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి. 1880 సెప్టెంబర్‌లో నైనితాల్‌లో కొండ జారిపడి 151 మంది చనిపోయారు. వర్షాకాలంలో అక్కడి కొండల్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఢిల్లీ నుంచి రాత్రి రైలు

మన వైపు నుంచి ఎలాగూ ఢిల్లీ దాకా రావాలి. అక్కణ్నుంచి పాత ఢిల్లీ స్టేషన్‌లో రాత్రి పదింటి ప్రాంతంలో రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఉంది, తెల్లారుజామున ఐదింటికల్లా కాఠ్‌గోదామ్‌లో దింపుతుంది. అదే చివరి స్టేషన్, రైలు పట్టాలు అక్కడితో ఆగిపోయి కొండలు మొదలవుతాయి, కాబట్టి నిద్రలో స్టేషన్ దాటిపోతామన్న భయం లేదు. పొద్దున బయల్దేరే శతాబ్ది కూడా ఉంది కానీ అది చేరేసరికి మధ్యాహ్నం అయిపోతుంది, ఒక్క రోజు ట్రిప్‌కి పనికిరాదు. టికెట్లు ముందే చేసుకోండి, టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు ఒకసారి చూసుకోండి.

టాక్సీ మాట్లాడుకోవడం, ఇది ముఖ్యం

స్టేషన్ బయటే టాక్సీలుంటాయి. షేర్ టాక్సీలు, బస్సులు కూడా దొరుకుతాయి కానీ సాత్‌తాల్ మెయిన్ రోడ్డుకి లోపలుంది, అక్కడికి బండి ఉంటేనే సుఖం. డ్రైవర్‌తో ముందే తేల్చుకోవాల్సింది ఏంటంటే, ఎన్ని పాయింట్లు అని కాదు, ఎన్ని గంటలు అని. సాయంత్రం ఆరున్నర దాకా బండి మాది, మూడే చోట్లకి వెళ్తాం, ఒక్కో చోట రెండు మూడు గంటలు ఉంటాం, మళ్లీ స్టేషన్‌లో దింపాలి అని స్పష్టంగా చెప్పండి. రాణీబాగ్ దగ్గర కుడివైపు విడిపోయే భీమ్‌తాల్ రోడ్డులో పొమ్మనండి, నైనితాల్ మీదుగా చుట్టు తిరగక్కర్లేదు. మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్లు అరగంట ముందే మాత్ర వేసుకుని ముందు సీట్లో కూర్చోండి, ఫోన్ చూడకండి. టీ, రెండు బిస్కెట్లు చాలు, టిఫిన్ పైకెళ్లాక చేయొచ్చు.

పొద్దున్నే సాత్‌తాల్

మామూలుగా అందరూ భీమ్‌తాల్ ముందు చూసి సాత్‌తాల్‌కి తర్వాత వెళ్తారు, నేనైతే తిప్పి చేయమంటాను. దారిలో భీమ్‌తాల్ తగిలినా ఆగకుండా మెహ్రాగావ్ మీదుగా నేరుగా లోపలికి పోండి. ఏడింటికల్లా అక్కడుంటే ఆ అడవి మీ ఒక్కరిదే. బాంజ్ అనే ఓక్ చెట్లు, పైన్ చెట్లు, వాటి మధ్యలోంచి దిగుతున్న రోడ్డు, కింద ఎక్కడో ఆకుపచ్చగా నీళ్లు.

సాత్‌తాల్ అంటే ఏడు సరస్సులు. మొదట తగిలేది నల దమయంతి తాల్, ఎక్కడో హిమాలయాల కింద మనకి తెలిసిన పేరు కనబడితే ఎంత సంతోషమేసిందో. ఇంకాస్త దిగితే గరుడ్ తాల్, తర్వాత రామ్, లక్ష్మణ్, సీతా తాల్‌లు ఒకదాన్నొకటి కలుపుకుని ఉంటాయి, పడవలు, టీ కొట్లు అన్నీ అక్కడే. ఏడింట్లో ఒకదాని పేరు సూఖా తాల్, ఎండిపోయిన సరస్సని అర్థం. దయచేసి గరుడ్ తాల్ దగ్గర కారు ఆపించి, దిగి, ఒడ్డున కనీసం అరగంట ఏమీ చేయకుండా కూర్చోండి. గాలి లేని పొద్దుటిపూట కొండ మొత్తం నీళ్లలో తలకిందులుగా కనబడుతుంది, ఆ టైంలో మాట్లాడబుద్ధి కాదు.

పక్షులు చూసేవాళ్లకి ఇది పుట్టినిల్లు లాంటిది. పొడుగు తోక నీలి మాగ్‌పైలు, బార్బెట్‌లు, నీళ్ల పక్కన విజిల్ వేసినట్టు పాడే థ్రష్‌లు, అందుకే పెద్ద పెద్ద లెన్సులతో జనం చెట్ల వెనక కదలకుండా నిలబడి ఉంటారు. వాళ్ల ముందు నుంచి గట్టిగా మాట్లాడుకుంటూ నడవకండి, పాటలు పెట్టకండి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. ఇక్కడ సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్‌తో డబ్బులు కట్టడం కుదరకపోవచ్చు, చిల్లర నోట్లు జేబులో పెట్టుకోండి.

పదకొండింటికి జనం మొదలవుతారు, మీరు బయల్దేరండి.

మధ్యాహ్నం భీమ్‌తాల్

ఇది నైని సరస్సు కంటే పెద్దది. మధ్యలో చిన్న దీవి, దాని మీద అక్వేరియం, పడవలో వెళ్లి రావచ్చు, పిల్లలుంటే వెళ్లండి, లేకపోతే మానేసినా నష్టం లేదు. నాకు నచ్చింది కట్ట. మన చెరువులకి కట్ట ఉన్నట్టే దీనికీ ఉంది, బ్రిటిష్ వాళ్ల కాలంలో కట్టారు, పక్కనే భీమేశ్వర మహాదేవ్ గుడి. భోజనం ఇక్కడే కానివ్వండి. సౌత్ ఇండియన్ బోర్డు చూసి ఆగకుండా పహాడీ భోజనం, అంటే అక్కడి కొండవాళ్ల వంట, ఎక్కడుందో అడగండి. ఆలూ గుట్కే అనే బంగాళదుంప వేపుడు, భట్ అనే నల్ల సోయా గింజలతో చేసే చుడ్కానీ పులుసు అన్నంలో కలుపుకుంటే మన నోటికి బానే ఉంటుంది. మే నెలలో వెళ్తే రోడ్డు పక్కన కాఫల్ అని చిన్న ఎర్ర పళ్లు అమ్ముతారు, ఉప్పు చల్లించుకుని తినండి.

చివరగా నౌకుచియాతాల్

భీమ్‌తాల్ నుంచి నాలుగైదు కిలోమీటర్లే. తొమ్మిది మూలలున్న సరస్సు కాబట్టి ఆ పేరు, తొమ్మిదీ ఒకేసారి చూస్తే మోక్షమని అక్కడివాళ్లు చెప్తారు, ఎక్కణ్నుంచి చూసినా అన్నీ కనబడవు. ఈ చుట్టుపక్కల సరస్సుల్లో లోతైంది ఇదే, సుమారు 40 మీటర్లు, కాబట్టి ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకండి, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. రోజు మొత్తానికి ఒక్క పడవే ఎక్కాలనుకుంటే ఇక్కడే, మూడున్నర నాలుగు మధ్య, ఎండ పక్కకి వాలాక, మోటారుది కాకుండా తెడ్డుతో నడిపేది తీసుకుని మెల్లగా తిప్పమనండి. పక్కనే కమల్ తాల్, సీజన్‌లో తామరలు పూస్తాయి. పారాగ్లైడింగ్ ఉంది కానీ గాలిని బట్టి ఆపేస్తుంటారు, దాని కోసం ప్లాన్ మొత్తం మార్చుకోవద్దు.

వాటర్ బాటిళ్లు, చిప్స్ కవర్లు బ్యాగులోనే వేసుకుని కిందకి తెచ్చేయండి. చుట్టూ ఊళ్లవాళ్లు బతికేది ఈ నీళ్ల మీదే.

ఐదింటికి కచ్చితంగా దిగడం మొదలెట్టండి. గంటలోపు దారే అయినా మధ్యలో ట్రాఫిక్ ఎంతుంటుందో చెప్పలేం, పైగా చీకట్లో ఘాట్ రోడ్డు వద్దు. తిరుగు రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎనిమిది దాటాకే కాబట్టి స్టేషన్ దగ్గరే తీరిగ్గా తినొచ్చు. స్వెట్టర్ మాత్రం బ్యాగు అడుగున కుక్కకండి, పొద్దున సాత్‌తాల్‌లోనూ కావాలి, రాత్రి రైల్లోనూ కావాలి.