శిథిలాల మధ్య కెమెరా – 4వ పాఠం: ఫోటోకు చిరునామా

గడచిన మూడు పాఠాల్లో కెమెరాను ఒంటికి ఎక్కడ తగిలించుకోవాలో, చేతి తొడుగులు తీయకుండా షట్టర్ ఎలా నొక్కాలో, దుమ్ము నుంచి లెన్సును ఎలా కాపాడుకోవాలో చూశాం. ప్రాణం కాపాడే పని ఆపి ఫోటో తీయకూడదన్న నియమం మొదటి పాఠంలోనే చెప్పాను. అది ఈ పాఠానికీ, ఇకపై వచ్చే ప్రతి పాఠానికీ వర్తిస్తుంది.

శిక్షణకు వచ్చే అగ్నిమాపక సిబ్బంది, గాలింపు బృందాల వాళ్లు తమ పాత ఫోటోలు తెచ్చి చూపిస్తుంటారు. చాలా ఫోటోలు బాగానే ఉంటాయి. వంగిన ఇనుప కడ్డీలు, దొంతరగా పడిన శ్లాబులు, సగం తెగి వేలాడుతున్న మెట్లు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ‘ఇది ఏ వీధి?’ అని అడిగితే మాత్రం తీసిన మనిషే తడుముకుంటాడు. మూడో రోజు అంటాడు, కాదు నాలుగో రోజు అంటాడు. తీసినవారికే గుర్తులేని చోటు, ఆరు నెలల తరువాత ఆ ఫోటో ముందు కూర్చునే ఇంజినీరుకు ఎలా తెలుస్తుంది? నష్టం లెక్కగట్టే అధికారికి ఎలా తెలుస్తుంది? తన ఇల్లు ఏదో గుర్తుపట్టాలని ఆశగా చూసే యజమానికి ఎలా తెలుస్తుంది?

కూలిన నగరంలో మొదట పోయేవి గుర్తులే. వీధి పేరున్న బోర్డు, ఇంటి నంబరు, మలుపులోని దుకాణం అన్నీ ఇటుకల కింద ఉంటాయి. రెండు రోజుల్లో యంత్రాలు వచ్చి ఆ ఇటుకలనూ తీసుకుపోతాయి. ముందుగా లోపలికి అడుగుపెట్టింది మీరే కాబట్టి, ఆ స్థితిలో ఆ చోటును చూసిన కళ్లు మీవి మాత్రమే. అందుకే ఈ పాఠం మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: అక్కడికి ఎన్నడూ వెళ్లని మనిషి ఈ ఫోటో పట్టుకుని నేరుగా ఆ చోటికి నడిచి వెళ్లగలడా?

కూలనిదాన్ని పట్టుకోండి

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కోను భూకంపం కుదిపేసింది. ఆ తరువాత చెలరేగిన మంటలు రోజుల తరబడి నగరాన్ని కాల్చాయి. మే 28న జార్జ్ లారెన్స్ అనే ఫోటోగ్రాఫర్ గాలిపటాల వరుసకు ఒక భారీ కెమెరాను కట్టి, సముద్రతీరం మీదుగా దాదాపు 2000 అడుగుల ఎత్తుకు పంపి నగరం మొత్తాన్ని ఒకే ఫోటోలో బంధించాడు. ఆ ఫోటోలో బూడిదైన వీధులు పక్కపక్కనే గళ్లలా పరుచుకుని ఉంటాయి. ఒక్కటే చూస్తే ఏ వీధి ఏదో చెప్పలేం. అయితే ముందుభాగంలో, ఒడ్డున, కూలకుండా నిలబడిన ఫెర్రీ బిల్డింగ్ గోపురం ఉంది. అక్కడి నుంచి మార్కెట్ స్ట్రీట్ ఏటవాలుగా లోపలికి సాగుతుంది. ఆ రెండూ దొరికాక మిగతా వీధులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోవచ్చు.

మీ దగ్గర గాలిపటం ఉండదు, చాలాసార్లు డ్రోన్ కూడా ఉండదు. కానీ కూలని గోపురం లాంటిది ఎక్కడో ఒకచోట ఉంటుంది. నీళ్ల ట్యాంకు, సెల్ టవరు, వంతెన, దూరాన ఒక కొండ అంచు, ఏదైనా సరే. వీధిలో తీసే మొదటి ఫోటోలో దానికి చోటివ్వండి. కూలిన ఇల్లే ముఖ్యమనిపించి దాన్ని ఫ్రేము నిండా నింపాలని చేయి లాగుతుంది. ఆగండి. నాలుగడుగులు వెనక్కి వేయండి. ఇల్లు ఫ్రేములో మూడో వంతు ఉన్నా చాలు, పక్కిళ్లు రెండూ, ఎదురుగా రోడ్డు, వెనక ఆ నిలిచి ఉన్న గుర్తు కలిసి రావాలి. దీన్ని నేను దూరపు ఫోటో అంటాను. అందం కోసం కాదు, ఇది తరువాతి రెండు ఫోటోలకు చిరునామా.

రెండోది నడి దూరం. ఒక్క ఇల్లు, ఒక్క గోడ. మూడోది దగ్గరిది. పగులు, విరిగిన పిల్లరు, గ్యాస్ పైపు. ఈ మూడింటినీ ఈ వరుసలోనే, మధ్యలో ఇంకేమీ తీయకుండా తీయాలి. వరుస తప్పితే దగ్గరి ఫోటో అనాథ అవుతుంది. ఫైలు నంబర్లు వరుసగా ఉంటే పోయిన సమాచారాన్ని కూడా ఎవరో ఒకరు తిరిగి అల్లుకోగలరు.

నడి దూరం నుంచి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక సంగతి మరవకండి. రెండింటిలోనూ కనిపించే వస్తువు ఒకటి ఉండాలి. పగులు కిటికీ మూల నుంచి మొదలైతే దగ్గరి ఫోటోలో ఆ మూల కొంచెమైనా కనబడాలి. లేకపోతే అది ఏ గోడ పగులైనా కావచ్చు.

పగులును ఎలా తీయాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పగులు పక్కన స్కేలు పెట్టండి. స్కేలు పగులుకు అడ్డంగా, గోడకు ఆనుకుని ఉండాలి. చేత్తో గాలిలో పట్టుకున్న స్కేలు కొలత తప్పు చూపిస్తుంది. కెమెరా గోడకు సూటిగా ఉండాలి, పక్క నుంచి తీస్తే వెడల్పు తగ్గి కనిపిస్తుంది. ఇక వెలుతురు. ఫ్లాష్ సూటిగా కొడితే పగులు లోతు చచ్చిపోతుంది, గోడ కాగితంలా కనిపిస్తుంది. ఫ్లాష్ ఆపి, టార్చిని గోడకు దాదాపు ఆనించి ఒక పక్క నుంచి వేయండి. పగులు అంచు నీడ పడుతుంది, గోడలో ఏ వైపు ముందుకు తోసుకు వచ్చిందో ఆ నీడే చెబుతుంది. స్కేలు లేకపోతే నాణెం పెట్టండి. అదీ లేకపోతే ఒక ఇటుక మొత్తం ఫ్రేములో పడేలా చూడండి, ఇటుక కొలత తరువాత ఎవరైనా తెలుసుకోవచ్చు.

ఇంకొక మాట. ఒరిగిన గోడ దగ్గరికి స్కేలు పట్టుకుని వెళ్లకండి. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం వదలాలని అగ్నిమాపక శిక్షణలో నేర్చుకున్నారు కదా, కెమెరా చేతిలో ఉన్నంత మాత్రాన ఆ దూరం తగ్గదు. అక్కడ జూమ్ వాడండి, కొలత లేదని రాసుకోండి. ఫోటోలో కొలత లేకపోతే పరవాలేదు, మీరు క్షేమంగా ఉండాలి.

గడియారం సరిచూసుకున్నారా?

ఫోటోతో పాటు కెమెరా ఒక వేళను కూడా రాస్తుంది. అది తప్పైతే మొత్తం అల్లిక తప్పుతుంది. ఒకసారి మా బృందంలో రెండు కెమెరాల మధ్య 12 నిమిషాల తేడా ఉందని పని అంతా అయ్యాక గమనించాం. నడక వేగంతో 12 నిమిషాలంటే దాదాపు కిలోమీటరు. నడిచిన దారిని రికార్డు చేసిన జీపీఎస్‌తో ఫోటోలను కలిపినప్పుడు ఒక కెమెరా ఫోటోలన్నీ వేరే పేటలో వాలాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిదిద్దడానికి రెండు రాత్రులు పట్టింది.

దీనికి మందు చాలా తేలిక. బయలుదేరే ముందు బృందంలోని ప్రతి కెమెరాతో ఒకే ఫోను తెరను, సెకన్లు కనిపించే గడియారంతో సహా, ఒక్క ఫోటో తీయండి. కెమెరా వేళ మార్చకపోయినా ఫరవాలేదు. ఎంత తేడా ఉందో ఆ మొదటి ఫోటోనే చెబుతుంది. పని ముగిశాక మరొకటి తీస్తే ఇంకా మంచిది.

ఫోను లొకేషన్‌ను గుడ్డిగా నమ్మకండి. తెరిచిన ఆకాశం కింద అది దాదాపు 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఎత్తయిన గోడల మధ్య సందులో ఆ తేడా చాలా పెరుగుతుంది, అంటే పక్కింటికో ఎదురింటికో మారిపోవచ్చు. దిక్కు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫోనులోని దిక్సూచి భూమి అయస్కాంత క్షేత్రం ఆధారంగా పనిచేస్తుంది, చుట్టూ ఇనుప కడ్డీల కుప్ప ఉంటే దారి తప్పుతుంది. అందుకే నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసుకోండి: ‘వంతెన వైపు చూస్తూ’, ‘ట్యాంకు నా ఎడమకు’. రాయడానికి చేయి ఖాళీ లేకపోతే పది సెకన్ల వీడియో తీసి నోటితో చెప్పండి. మీ గొంతే గుర్తు.

నేడు అనవసరమనిపించే వివరం రేపు సాక్ష్యం అవుతుందనడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలోనే మరో ఉదాహరణ ఉంది. మార్కెట్ స్ట్రీట్‌లో కేబుల్ కారు (రోడ్డు కింది తీగ లాగే ట్రాము బండి) ముందు కెమెరా పెట్టి తీసిన ఒక మూకీ ఫిల్మును చాలాకాలం 1905 నాటిదని అనుకున్నారు. రోడ్డు మీది నీటి మడుగులను నాటి వాతావరణ వార్తలతో, కార్ల నంబరు ప్లేట్లను రిజిస్ట్రేషన్ రికార్డులతో పోల్చి చూశాకే అది భూకంపానికి కొద్ది రోజుల ముందుదని తేలింది. కాబట్టి ఫ్రేములో మూలన నంబరు ప్లేటు పడితే కత్తిరించకండి. అసలు ఫైలులో ఏదీ కత్తిరించకండి.

తలుపు మీది గుర్తులు

2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ వచ్చినప్పుడు వరద గట్లు తెగి న్యూ ఆర్లీన్స్‌లో దాదాపు 80 శాతం నీట మునిగింది. ఇంటింటినీ గాలించిన బృందాలు ప్రతి ఇంటి ముందూ స్ప్రే రంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేశాయి. అమెరికా గాలింపు బృందాల పద్ధతిలో లోపలికి వెళ్తూ ఒక గీత, బయటికి వచ్చాక దాన్ని ఖండిస్తూ రెండో గీత వేస్తారు. ఎడమ గడిలో బృందం పేరు, పై గడిలో బయటికి వచ్చిన తేదీ, వేళ, కుడి గడిలో లోపలి ప్రమాదాలు, కింది గడిలో దొరికిన మనుషుల వివరం ఉంటాయి. ఒకే గీత ఉన్న ఇల్లు కనిపిస్తే లోపల ఇంకా ఎవరో పనిలో ఉన్నారని అర్థం.

ఆ గుర్తు ఆ ఇంటి చరిత్రలో ఒక పుట. ఇంటికి కొత్త రంగు వేస్తే అది పోతుంది. దాన్ని తీసేటప్పుడు సూటిగా నిలబడి నాలుగు గడులూ చదవగలిగేలా ఒక ఫోటో, వెనక్కి జరిగి ఇంటి నంబరు, గడప, పక్కింటి గోడ కలిసేలా ఇంకొకటి తీయండి. స్ప్రే రంగు మెరుస్తుంది, ఫ్లాష్ పడితే అక్షరాల మీద తెల్లటి మచ్చ వస్తుంది. ఎండ కూడా మెరుపు తెస్తుంది, అప్పుడు మీ తోటివారిని నీడ పడేలా నిలబడమనండి. బృందాలన్నీ ఒకే పద్ధతి పాటించవు. అర్థం కాని గుర్తు ఉంటే ఊహించి రాయకండి, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి వదిలేయండి.

వరద ఇళ్లలో నీటి గీతను కూడా ఇలాగే చూడాలి. గోడ మీద ముదురుగా కనిపించే గీతను చూసి నీరు అంతవరకే వచ్చిందనుకుంటారు. నీరు ఎక్కువసేపు నిలిచిన చోట గీత ముదురుగా పడుతుంది. నీరు ఎక్కిన అసలు ఎత్తు దానికి పైన, పలచటి మట్టి చారలాగా ఉండవచ్చు. టేపు నేల నుంచి నిలువుగా పట్టి, టేపు అడుగు నేలను తాకడం ఒక ఫోటోలో, పై గీత దగ్గర అంకె మరో ఫోటోలో చూపించండి. అడుగు కనిపించని టేపు దేన్నీ రుజువు చేయదు.

భూకంపం తరువాత లోపలికి వెళ్లవచ్చో లేదో తెలిపేలా భవనాలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కాగితాలు అంటించే పద్ధతి చాలా చోట్ల ఉంది. 2011 ఫిబ్రవరిలో భూకంపం వచ్చినప్పుడు న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లోనూ అలాగే చేశారు. ఆ కాగితాన్ని భవనంతో కలిపి తీయండి. కాగితం ఒక్కటే తీస్తే గాలికి ఎగిరిపోయిన కాగితంతో సమానం.

మనుషులు ఫ్రేములోకి వచ్చినప్పుడు

1945 ఆగస్టు 6న హిరోషిమాలో యోషితో మత్సుషిగే అనే పత్రికా ఫోటోగ్రాఫర్ మియుకి వంతెన దగ్గర నిలబడ్డాడు. బాంబు పేలిన చోటికి ఆ వంతెన 2 కిలోమీటర్లకు పైగా దూరం. ఎదురుగా కాలిన ఒళ్లతో మనుషులు. దాదాపు 20 నిమిషాలు ఆయన షట్టర్ నొక్కలేకపోయాడు, తరువాత నొక్కినప్పుడు కన్నీళ్లకు వ్యూఫైండర్ మసకబారిందని చెప్పాడు. ఆ రోజు మొత్తం మీద మిగిలినవి ఐదు ఫోటోలు. వంతెన దగ్గరి ఫోటోల్లో మనుషులు ఎక్కువగా వెనక నుంచే కనిపిస్తారు. ముఖాలు లేవు, కానీ చోటు ఉంది, వేళ ఉంది. నేటికీ వెళ్లి ఆయన నిలబడిన చోట నిలబడవచ్చు.

నేను ఆ ఫోటోలను శిక్షణలో చూపించేది భయపెట్టడానికి కాదు. ముఖం లేకుండానే ఒక ఫోటో అన్నీ చెప్పగలదని మీ కళ్లతో చూడాలని. బాధితులు ఫ్రేములో ఉంటే వెనక నుంచో, దూరం నుంచో తీయండి. వద్దని చేయి అడ్డం పెట్టినవారిని తీయకండి. మృతదేహాల ఫోటోలు గుర్తింపు బృందాల పని. వాళ్లకు వాళ్ల నంబర్ల పద్ధతి ఉంది, మీ సొంత ఫోనులో అవి ఉండకూడదు. ఏ ఫోటో అయినా మీ బృందం దాటి బయటికి పోనివ్వకండి. మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫోటోగా పంపితే చాలాసార్లు వేళ, లొకేషన్ వివరాలు రాలిపోతాయి, నాణ్యతా తగ్గుతుంది. కార్డు నుంచి అసలు ఫైలునే కాపీ చేసి అప్పగించండి.

అభ్యాసం

వారం రోజులు, రోజూ అరగంట చాలు. మీకు తెలిసిన ఒక వీధికి వెళ్లండి. ఒక భవనం ఎంచుకుని దూరం, నడి దూరం, దగ్గర అనే వరుసలో మూడు ఫోటోలు తీయండి. బోర్డులు, నంబర్లు ఫ్రేములో రాకూడదు, అవన్నీ కూలిపోయాయనుకోండి. ఇలా ఐదు భవనాలు తీశాక ఆ పదిహేను ఫోటోలను కలిపేసి, ఆ వీధి తెలియని ఒకరి చేతిలో పెట్టి వీధి మొదట్లో వదలండి. మీరు నోరు మెదపకూడదు. అతను ఏ పగులు దగ్గర ఆగి అటూ ఇటూ చూస్తున్నాడో గమనించి రాసుకోండి. వచ్చే వారం మళ్లీ తీయాల్సింది ఆ ఫోటోలనే.

అయిదో పాఠంలో రాత్రిపూట, జనరేటర్ దీపాల వెలుగులో ఫోటోలు తీయడం చూద్దాం. దానికి ఈ అభ్యాసపు నోట్‌బుక్ వెంట ఉంచుకోండి.