మీ ఊరి చెరువుకు ప్రభుత్వ నిధులు రాబట్టడం ఎలా?

2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అంత ముప్పు వస్తే గానీ చెరువు ఊసు ఎవరూ ఎత్తరు. అంతదాకా ఆగాల్సిన పని లేదు. మామూలు రోజుల్లోనే నిధులు అడగొచ్చు. అయితే "చెరువు బాగు చేయించండి సార్" అని రాస్తే పైసా రాదు. ఏ సర్వే నంబరులో, ఏ పని, ఎంత పొడవున చేయాలో రాసిన అర్జీకే ఎస్టిమేట్ వేయడానికి వీలుంటుంది.

ముందు కాలువ వెంట నడవండి

కట్ట మీద నిలబడి చూస్తే అసలు సంగతి తెలియదు. నీళ్లు వచ్చే వంక దగ్గర మొదలుపెట్టి, వరవ కాలువ (చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ) వెంట చెరువుదాకా నడవండి. పూడిక తీయమని అందరూ అడుగుతారు గానీ, నీళ్లే రాని చెరువులో పూడిక తీసి ఏం లాభం? నా లెక్కలో కాలువే మొదటి పని.

కంపచెట్లు ఎక్కడ మొదలయ్యాయి, ఎక్కడిదాకా ఉన్నాయి? రోడ్డు కింద వేసిన పైపులో మట్టి ఎంత నిండింది? ఎవరైనా కాలువను చదును చేసి పొలంలోనో, ప్లాట్లలోనో కలుపుకున్నారా? ఇవన్నీ టేపుతో కొలిచి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫోటోలు తీయండి. నీరుగంటి పని (చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని) చేసిన పెద్దాయన ఊళ్లో ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి. నీళ్లు ఏ దారిన వచ్చేవో, మొరవ (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) చివరిసారి ఎప్పుడు పారిందో ఆయనకు తెలిసినంతగా ఏ రికార్డులోనూ ఉండదు.

తర్వాత కాగితాలు

వీఆర్ఓ, సర్వేయర్లను కలిసి చెరువు, కాలువల సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం) అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ చెరువు పంచాయతీరాజ్ కింద ఉందో, జలవనరుల శాఖ కింద ఉందో అప్పుడే తేల్చుకోండి. లేకపోతే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు తిప్పుతూనే ఉంటుంది.

ఏ పనికి ఏ డబ్బు?

కాలువ తవ్వడం, పూడిక తీయడం లాంటి మట్టి పనులను ఉపాధి హామీలో అడగండి. తూము షట్టర్, మొరవ గోడ లాంటి కాంక్రీటు పనులకు చెరువు ఎవరి కింద ఉందో ఆ శాఖ ఇంజినీరును కలవాలి. కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో పంచాయతీకీ వాటా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన వాటిలో 60 శాతం షరతులతో కూడినవి. అందులో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణ లాంటి వాటికే వాడాలన్నది షరతు. ఆ సొమ్ము దేనికి ఖర్చయిందని సర్పంచ్‌ను అడిగే హక్కు ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఉంది.

గ్రామసభలో తీర్మానం

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు ఉపాధి పనుల మీద గ్రామసభలు జరిగాయి. అలాంటి సభకు ఒక్కరే వెళ్తే మాట వినపడదు. ఆయకట్టు రైతులు, ఉపాధి కూలీలు, పొదుపు సంఘాల అక్కలు కలిసి వెళ్లండి. నోటిమాటతో ఊరుకోవద్దు. ఇలా రాయించండి:

"ఫలానా సర్వే నంబరులోని వరవ కాలువలో ఇన్ని మీటర్ల పొడవున కంప తొలగించి, పూడిక తీసే పనిని వచ్చే ఏడాది పనుల జాబితాలో చేర్చాలని గ్రామసభ తీర్మానించింది."

రిజిస్టరులో ఎక్కిందాకా కదలకండి. ఆ పేజీ ఫోటో తీసుకోండి, తర్వాత సంతకం, సీలుతో నకలు అడగండి.

అక్కడినుంచి పైకి

తీర్మానం నకలు, ఫోటోలు, స్కెచ్ కలిపి ఎంపీడీఓకు ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, రసీదు భద్రంగా దాచండి. ఎమ్మెల్యేను బడ్జెట్‌కు కొన్ని నెలల ముందే కలవాలి. బడ్జెట్ అయ్యాక వెళ్తే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. సాగునీటి సంఘం అధ్యక్షుణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి. ఆ సంఘాలకు 2024 డిసెంబరులోనే ఎన్నికలు జరిగాయి, కాబట్టి అడగడానికి ఎన్నికైన మనిషి ఉన్నారు.

పని మంజూరయ్యాక ఎస్టిమేట్ కాపీ తీసుకోండి. కొలతలు రాసే రోజు మీ టేపు, మొదట్లో తీసిన ఫోటోలు పట్టుకుని అక్కడే ఉండండి. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాసిన పొడవు, లోతు మీ కొలతలతో సరిపోకపోతే, బిల్లు కాకముందే ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.