వెబ్‌క్యామ్ అడిగిన సైజు ఇవ్వడం లేదా?

వెబ్‌పేజీ క్యామెరా వీడియో అడిగే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ గెట్‌యూజర్‌మీడియాలో విడ్త్‌కి (వెడల్పుకి) ఉత్త 1280 అని రాస్తే అది షరతు కాదు, కోరిక మాత్రమే. బ్రౌజర్ దాన్ని ఐడియల్‌గానే, అంటే వీలైనంత దగ్గరగా ఇస్తే చాలన్నట్టే తీసుకుంటుంది. ఎగ్జాక్ట్ (సరిగ్గా అంతే), మిన్ (కనీసం), మ్యాక్స్ (గరిష్ఠం) మాత్రమే షరతులు. అవి కుదరకపోతే వీడియో రాదు, ఓవర్‌కన్‌స్ట్రెయిన్డ్‌ఎర్రర్ వస్తుంది. ఏది కుదరలేదో ఆ ఎర్రర్‌లోని కన్‌స్ట్రెయింట్ ప్రాపర్టీ చెబుతుంది.

ఐడియల్ విలువలకు లెక్క ఇది: అడిగినదానికీ ఉన్నదానికీ తేడాని ఆ రెండిట్లో పెద్దదానితో భాగించి, అన్నిటినీ కూడతారు. తక్కువ వచ్చిన మోడ్ (క్యామెరా ఇవ్వగల సైజు) గెలుస్తుంది. 1280×720 అడిగితే 640×480కి 0.83, 1920×1080కి 0.67. అంటే క్యామెరాలో ఈ రెండే ఉండి, బ్రౌజర్ సైజు మార్చకుండా ఇస్తే పెద్దదే వస్తుంది! అది వద్దనుకుంటే ఐడియల్ పక్కనే మ్యాక్స్ కూడా పెట్టండి.

ఫ్రేమ్‌రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) మర్చిపోవద్దు. యూఎస్‌బీ 2.0 మీద కుదించని 1080పీ వీడియో 30 ఫ్రేములతో రాదు: సెకనుకు సుమారు 124 ఎంబీ కావాలి, ఆ తీగ గరిష్ఠం 60. అందుకే చాలా క్యామెరాలు ఆ సైజుకి ఎంజెపెగ్ (ప్రతి ఫ్రేమునీ కుదించి పంపే పద్ధతి) వాడతాయి, లేదా 5 ఫ్రేములకు దిగుతాయి. ఫ్రేమ్‌రేట్‌కి ఐడియల్ 30, మిన్ 15 చాలు.

ఫోన్లో వెనక క్యామెరాకి ఫేసింగ్‌మోడ్‌ని (ముందుదా వెనకదా అని చెప్పే విలువని) ఐడియల్‌గానే ఉంచండి. ఎగ్జాక్ట్ పెడితే ల్యాప్‌టాప్‌లో సాధారణంగా ఎర్రరే. చివరికి ఏం దక్కిందో, వచ్చిన వీడియో ట్రాక్ మీద గెట్‌సెట్టింగ్స్ పిలిచి చూడండి.