కొత్త ఓఎస్ వేశాక వైఫై మాయమైందా? ముందు పరికరం ఐడీ చూడండి

విండోస్ కొత్తగా వేశారు. డెస్క్‌టాప్ వచ్చింది గానీ వైఫై గుర్తు లేదు, స్పీకర్ పలకదు, అక్షరాలు లావుగా మసకగా కనిపిస్తున్నాయి. టెన్షన్ పడకండి, ఇలాంటప్పుడు హార్డ్‌వేర్ పాడవడం అరుదు. పాత ఓఎస్‌తో పాటు దాని డ్రైవర్లూ (హార్డ్‌వేర్‌ను ఓఎస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాములు) పోయాయి.

నెట్ ఉంటేనే డ్రైవర్, డ్రైవర్ ఉంటేనే నెట్. ఈ ముడి విప్పడానికి ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, విండోస్ అప్‌డేట్ నడపండి. అందులో ఆప్షనల్ అప్‌డేట్స్ కూడా చూడండి. చాలామందికి పని ఇక్కడే అయిపోతుంది.

అప్పటికీ రాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తున్న పరికరం ప్రాపర్టీస్‌లో ‘కోడ్ 28’ అని ఉంటే డ్రైవర్ అసలు లేదని అర్థం. డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. ‘వెన్’ (VEN) తర్వాతి నాలుగు అంకెలు, అక్షరాలే చిప్ తయారీదారు: 8086 అంటే ఇంటెల్, 10ఈసీ రియల్‌టెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్. ‘డెవ్’ (DEV) తర్వాతివి ఆ చిప్‌వి. లాప్‌టాప్ మోడల్ పేరొక్కటే నమ్ముకోకండి, ఒకే మోడల్‌లో వేర్వేరు వైఫై కార్డులు వస్తుంటాయి. నేను ఒక సాయంత్రమంతా ఇంటెల్ డ్రైవర్ మళ్లీ మళ్లీ వేశాను. చివరికి ఐడీ చూస్తే 10ఈసీ!

లాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ నుంచి ముందు చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది ప్రధాన చిప్‌లు) డ్రైవర్ వేయండి. ‘అన్‌నోన్ డివైస్’లు కొన్ని దాంతోనే పోతాయి. తర్వాతే వైఫై, గ్రాఫిక్స్, ఆడియో. అన్నీ ఒక్క క్లిక్‌తో వేస్తామనే డ్రైవర్ ప్యాక్‌ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, అక్కర్లేని సాఫ్ట్‌వేర్ వెంట వస్తుంది.

లినక్స్‌కు మారినవాళ్లకు చాలా డ్రైవర్లు కెర్నల్‌లోనే, అంటే ఓఎస్ మూల భాగంలోనే ఉంటాయి. ఇబ్బంది ఎక్కువగా బ్రాడ్‌కామ్ వైఫై, ఎన్విడియా గ్రాఫిక్స్‌తోనే. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి వేసుకోవచ్చు. వేశాక కూడా పనిచేయకపోతే, నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్‌ను అనుమానించండి. అది ఆన్‌లో ఉంటే, డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చినప్పుడు ‘ఎన్‌రోల్ ఎంఓకే’ (ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పే ఆప్షన్) ఎంచుకుని ఆ పాస్‌వర్డే కొట్టాలి. కంగారులో ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తే డ్రైవర్ డిస్క్‌లో ఉన్నా లోడ్ అవదు.